మూడు గీతలతో ఒక కేంద్రకం: అయోడిన్-129 స్పిన్, క్వాడ్రుపోల్ మొమెంట్ మైక్రోవేవ్‌తో కొలిచే విధానం

మైక్రోవేవ్ స్పెక్ట్రోస్కోపీ అనగానే అణువుల బంధాల పొడవు, కోణాలు గుర్తొస్తాయి. ఎమ్మెస్సీలో మనం చదువుకునేది కూడా అంతవరకే. అయితే రెండో ప్రపంచ యుద్ధం ముగిసి, రాడార్ కోసం తయారైన క్లైస్ట్రాన్లు (మైక్రోవేవ్‌లు పుట్టించే సాధనాలు), వేవ్‌గైడ్లు (వాటిని మోసుకెళ్లే బోలు లోహపు గొట్టాలు) అమెరికా విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలకు చేరాక, అదే పద్ధతితో కేంద్రకాల సంగతులు కూడా రాబట్టారు. 1949లో ఓక్ రిడ్జ్‌కు చెందిన లివింగ్‌స్టన్, డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన గిలియం, గోర్డీ కలిసి అయోడిన్-129 కేంద్రకం స్పిన్ (దాని సొంత కోణీయ ద్రవ్యవేగం), క్వాడ్రుపోల్ మొమెంట్ కొలిచారు. అదే ఏడాది టౌన్స్, ఆమోట్ క్లోరిన్-36 స్పిన్ 2 అని తేల్చారు. ఆ కొలతల దారిలోనే, ఇప్పటి పరికరాలతో, అయోడిన్-129ను అడుగడుగునా ఎలా కొలవాలో ఇక్కడ చెబుతాను.

ముందే ఒక మాట. ఈ పద్ధతిలో తెలియని ఐసోటోపును ఒంటరిగా కొలవకూడదు. స్థిరంగా ఉండే దాని తోబుట్టువును, ఇక్కడ అయోడిన్-127ను, అదే అణువులో, అదే గొట్టంలో, అదే రోజు కొలవాలి. రెండింటి నిష్పత్తిలోనే అసలు ఫలితం ఉంటుంది. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ నిష్పత్తి చెడకుండా చూసుకోవడం కోసమే.

అసలు ఏం కొలుస్తున్నాం?

స్పిన్ 1 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న కేంద్రకంలో విద్యుదావేశం సరిగ్గా గోళాకారంలో పరుచుకుని ఉండదు. కొంచెం సాగి ఉంటుంది, లేదా కొంచెం అణిగి ఉంటుంది. ఎంత సాగింది, ఎంత అణిగింది అని చెప్పే సంఖ్యే క్వాడ్రుపోల్ మొమెంట్. అణువులోని ఎలక్ట్రాన్లు కేంద్రకం దగ్గర కలిగించే విద్యుత్ క్షేత్రం అన్నివైపులా ఒకేలా మారదు. ఆ మార్పు రేటును క్షేత్ర ప్రవణత అంటాం. సాగిన కేంద్రకం ఆ ప్రవణతలో ఏ దిశకు తిరిగి ఉందన్న దాన్నిబట్టి శక్తి మారుతుంది. దాంతో అణువు భ్రమణంలో ఒక్కటిగా ఉండాల్సిన గీత (అణువు మైక్రోవేవ్‌ను పీల్చుకునే పౌనఃపున్యం) కొన్ని గీతలుగా చీలుతుంది. చీలికల మధ్య దూరాల తీరు స్పిన్‌ను చెబుతుంది, వాటి పరిమాణం క్వాడ్రుపోల్ మొమెంట్‌ను చెబుతుంది.

ఈ పద్ధతికున్న మొదటి పరిమితి కూడా ఇక్కడే ఉంది. స్పిన్ సున్నా లేదా 1/2 ఉన్న కేంద్రకాలకు ఈ చీలిక ఉండదు. కార్బన్-14 స్పిన్ సున్నా, కాబట్టి దాని మీద ఇక్కడ చెప్పే పని సాగదు.

1. ఐసోటోపును, అణువును ఎంచుకోవడం

అయోడిన్-129 అర్ధాయువు సుమారు 1.6 కోట్ల సంవత్సరాలు. అంత నిదానంగా క్షీణించేది కాబట్టి దాని రేడియోధార్మికత గ్రాముకు దాదాపు 65 లక్షల బెకరెల్ (సెకనుకు ఒక క్షీణత అంటే ఒక బెకరెల్) మాత్రమే. వినడానికి పెద్ద సంఖ్యే గానీ, మనకు కావలసింది మైక్రోగ్రాముల్లో.

అణువు విషయంలో మూడు షరతులున్నాయి. గది ఉష్ణోగ్రత దగ్గర ఆవిరి కావాలి, శాశ్వత ద్విధ్రువ భ్రామకం ఉండాలి, నిర్మాణం సాదాగా ఉండాలి. మిథైల్ అయొడైడ్ మూడింటికీ సరిపోతుంది. 42 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ద్విధ్రువ భ్రామకం 1.6 డిబైకి పైనే, ఆకారం సౌష్ఠవ భ్రమరం, అంటే ఒక అక్షం చుట్టూ సౌష్ఠవంగా ఉండే బొంగరం లాంటిది. సాధారణ మిథైల్ అయొడైడ్ భ్రమణ స్థిరాంకం (జడత్వ భ్రామకం పెరిగితే తగ్గే సంఖ్య) సుమారు 7,501 మెగాహెర్ట్జ్. అందువల్ల భ్రమణ సంఖ్య జె సున్నా నుంచి ఒకటికి వెళ్లే మొదటి సంక్రమణం దానికి రెట్టింపు దగ్గర, 15 గిగాహెర్ట్జ్ చుట్టూ కనిపిస్తుంది.

ఒకటి నుంచి రెండుకు వెళ్లే సంక్రమణం 30 గిగాహెర్ట్జ్ దగ్గర ఇంకా బలంగా ఉంటుంది. అయినా దానితో మొదలుపెట్టమని చెప్పను. ఆ బలం చాలా గీతల మధ్య పంచుకుపోతుంది, వాటిలో ఏది ఏదో తేల్చడానికే రోజులు గడుస్తాయి. సున్నా నుంచి ఒకటికి అయితే ఒక్కో ఐసోటోపుకు మూడే గీతలు. ముందు వాటితో స్పిన్ తేల్చుకుని, ఆ తర్వాత పై సంక్రమణంతో సరిచూసుకోవడం తేలిక.

2. ఎంత పదార్థం కావాలో లెక్క వేయడం

ఈ లెక్క కాగితం మీద పెట్టకుండా ఎవరినీ నమూనా అడగొద్దు. 15 గిగాహెర్ట్జ్‌కు సరిపడే కేయూ బ్యాండ్ వేవ్‌గైడ్ లోపలి కొలత 15.8 × 7.9 మిల్లీమీటర్లు. 3 మీటర్ల పొడవు తీసుకుంటే లోపలి ఘనపరిమాణం 0.37 లీటరు. గది ఉష్ణోగ్రతలో, 10 మిల్లీటార్ పీడనం దగ్గర, అందులో పట్టే అణువులు సుమారు 1.2 × 10¹⁷. వాటిలోని అయోడిన్-129 బరువు 26 మైక్రోగ్రాములు. దాని రేడియోధార్మికత దాదాపు 170 బెకరెల్.

ఇదే గొట్టాన్ని ఇదే పీడనంతో అయోడిన్-131తో నింపారనుకోండి. దాని అర్ధాయువు 8 రోజులు. రేడియోధార్మికత 120 గిగాబెకరెల్‌కు చేరుతుంది, అంటే 3 క్యూరీల పైమాట. అణువుల సంఖ్య అంతే, గొట్టం అదే, కానీ ఒకటి మామూలు రేడియో రసాయన ప్రయోగశాలలో అయ్యే పని, మరొకటి సీసపు గోడల వెనక చేయాల్సిన పని. మైక్రోవేవ్ పద్ధతి అణువులను చూస్తుంది, క్షీణతను కాదు. అందుకే దీర్ఘాయువు ఉన్న ఐసోటోపులే దీనికి అనుకూలం.

కొంత గోడలకు అంటుకుంటుంది, కొంత శుద్ధిలో పోతుంది. కాబట్టి చేతిలో ఒక మిల్లీగ్రాము వరకు ఉండటం మేలు. అప్పటికీ అది 6.5 కిలోబెకరెల్ మాత్రమే.

3. అనుమతి, రక్షణ

భారత్‌లో ఈ పని చేయాలంటే అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ అనుమతి, సంస్థలో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ పర్యవేక్షణ ఉండాలి. 170 బెకరెలే కదా అని తేలిగ్గా తీసుకునే విషయం కాదు. అయోడిన్ శరీరంలోకి వెళితే థైరాయిడ్ గ్రంథిలో పోగవుతుంది. పైగా మిథైల్ అయొడైడ్ ఎవరు పీల్చినా విషమే, రేడియోధార్మికత ఉన్నా లేకపోయినా. దాని ఆవిరి మామూలు బొగ్గు వడపోతల్లో, ముఖ్యంగా తేమ గాలిలో, సరిగా ఆగదు. పొగగూటికి అమైన్ గానీ పొటాషియం అయొడైడ్ గానీ పట్టించిన బొగ్గు వడపోత కావాలి.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. అయోడిన్-129 వెలువరించే బీటా కణాల గరిష్ఠ శక్తి 150 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టూ ఉంటుంది, గామా 40 దగ్గర. మామూలు గైగర్ కౌంటర్ దీన్ని సరిగా పట్టుకోలేదు. అది మౌనంగా ఉందంటే బల్ల శుభ్రంగా ఉందని కాదు. పలుచని సోడియం అయొడైడ్ డిటెక్టరు వాడండి, లేదా బల్లను తుడిచిన కాగితాన్ని ద్రవ సింటిలేషన్ కౌంటర్‌లో చూడండి.

4. గొట్టం సిద్ధం చేయడం

వేవ్‌గైడ్ మధ్యలో, వెడల్పు గోడలకు సమాంతరంగా, పొడవునా ఒక పలుచని లోహపు పట్టీ పెడతారు. రెండు వైపులా టెఫ్లాన్ గాడిలో అది కూర్చుంటుంది. దానికి కొన్ని వందల వోల్టుల చతురస్ర తరంగం ఇస్తారు. 1947లో హార్వర్డ్‌లో హ్యూస్, విల్సన్ ప్రవేశపెట్టిన స్టార్క్ మాడ్యులేషన్ ఇదే. సున్నా వోల్టుల దగ్గర గీత తన చోట ఉంటుంది, వోల్టేజీ ఉన్నప్పుడు పక్కకు జరుగుతుంది. లాక్-ఇన్ ఆంప్లిఫయర్ ఈ రెండింటి తేడాను మాత్రమే చూస్తుంది. దాంతో గొట్టంలోని ప్రతిఫలనాల వల్ల వచ్చే ఎగుడుదిగుళ్లు చాలావరకు తొలగిపోతాయి.

పట్టీకి, గోడకు మధ్య దూరం సుమారు 3.9 మిల్లీమీటర్లు. 400 వోల్టులు ఇస్తే క్షేత్రం సెంటీమీటరుకు 1,000 వోల్టులు. సంక్రమణం సున్నా నుంచి ఒకటికి కాబట్టి గీతలు ఇరవై మెగాహెర్ట్జ్ స్థాయిలో జరుగుతాయి. అది చాలు. తరంగపు కింది అంచు కచ్చితంగా సున్నా వోల్టుల దగ్గర ఉందో లేదో ఆసిలోస్కోపులో చూసుకోండి. అక్కడ కొన్ని వోల్టులు మిగిలినా గీత వెడల్పవుతుంది, కేంద్రం పక్కకు జారుతుంది.

పీడనం చూడటానికి వేడి తీగ ఉన్న గేజి వద్దు, కెపాసిటెన్స్ మానోమీటర్ వాడండి. వేడి తీగ దగ్గర మిథైల్ అయొడైడ్ విచ్ఛిన్నం కావచ్చు, పైగా దాని రీడింగు వాయువును బట్టి మారుతుంది. నమూనా ఉన్నప్పుడు పంపుకు దారి మూసే ఉండాలి. లోపలికి పంపడమూ, వెనక్కి తీసుకోవడమూ ద్రవ నైట్రోజన్‌లో ముంచిన గాజు వేలితోనే (ఆవిరిని గడ్డకట్టించి పట్టే చిన్న గాజు గొట్టంతోనే) జరగాలి. అప్పుడు నమూనా ఎక్కడికీ పోదు, పంపు నూనె కలుషితం కాదు.

బాలే, ఫ్లైగేర్ రూపొందించిన పల్స్‌డ్ జెట్ పరికరం ఉంది కదా, అందులో గీతలు ఇంకా సన్నగా వస్తాయి కదా అని అడగొచ్చు. నిజమే. కానీ అందులో ప్రతి పల్సూ వాయువును శూన్యంలోకి చిమ్మి పంపు వైపు నెడుతుంది. రేడియోధార్మిక అయోడిన్‌కు మూసిన గొట్టమే మంచిదని నా అభిప్రాయం. ఇక్కడ స్పిన్ తేల్చడానికి అంత సన్నని గీతల అవసరం కూడా లేదు.

5. సాధారణ మిథైల్ అయొడైడ్‌తో సాధన

రేడియోధార్మిక నమూనా గదిలోకి రాకముందే ఈ అడుగు పూర్తి కావాలి. మైక్రోవేవ్ సింథసైజర్‌ను రుబీడియం లేదా జీపీఎస్ ఆధారిత 10 మెగాహెర్ట్జ్ ప్రమాణానికి కట్టండి. పౌనఃపున్యం సరిగా ఉందో లేదో చూడటానికి కార్బొనైల్ సల్ఫైడ్ మొదటి గీత 12,162.98 మెగాహెర్ట్జ్ దగ్గర మంచి సాక్షి. అయితే అది కేయూ బ్యాండ్ కింది అంచు పక్కన పడుతుంది కాబట్టి సంకేతం కొంత బలహీనంగా రావచ్చు.

తర్వాత సాధారణ మిథైల్ అయొడైడ్‌ను 10 మిల్లీటార్ వరకు నింపి మూడు గీతలు వెతకండి. తొలి స్థాయి లెక్క ప్రకారం అవి 14,693, 15,099, 15,273 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండాలి. కొలిస్తే ఒకటి రెండు మెగాహెర్ట్జ్ తేడా వస్తుంది, కారణం ఎనిమిదో అడుగులో చెబుతాను. గీత వెడల్పు ఈ పీడనం దగ్గర కొన్ని వందల కిలోహెర్ట్జ్ ఉంటుంది. అణువుల కదలిక వల్ల వచ్చే డాప్లర్ వెడల్పు 15 కిలోహెర్ట్జే కాబట్టి దాన్ని ఇప్పుడు పట్టించుకోనక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. గొట్టం గోడలకు సాధారణ అయోడిన్ అంటుకుని ఉండిపోతుంది, తర్వాత వచ్చే నమూనాతో మార్పిడి చేసుకుంటుంది. సాధన అయ్యాక గొట్టాన్ని వేడి చేస్తూ రాత్రంతా పంపు చేయండి. అయోడిన్-127 కొంత మిగలడం మనకు మేలే, మరీ ఎక్కువైతే మాత్రం అయోడిన్-129 గీతలు పలచబడతాయి.

6. రేడియోధార్మిక నమూనా తయారీ

అయోడిన్-129 యురేనియం విచ్ఛిత్తిలో పుడుతుంది, సాధారణంగా సోడియం అయొడైడ్ ద్రావణంగా అందుతుంది. విచ్ఛిత్తి అయోడిన్‌లో 127 కూడా సహజంగానే కలిసి ఉంటుంది. వేరే ప్రయోగాలకైతే అది చికాకు. మనకు మాత్రం పోలిక కోసం కావలసిన తోబుట్టువు ముందే లోపల ఉందన్నమాట. సరఫరా చేసినవారు క్యారియర్‌గా (చిన్న మోతాదు పోకుండా మోయడానికి కలిపే స్థిర పదార్థంగా) ఇంకా సాధారణ అయొడైడ్ కలిపారేమో మాత్రం అడిగి తెలుసుకోండి.

లవణాన్ని మిథైల్ అయొడైడ్‌గా మార్చే పని అనుభవమున్న రేడియో రసాయనికుడికి వదిలేయండి. ఇందుకు వాడే మిథైలేటింగ్ కారకాలు కూడా తీవ్ర విషాలే. చేతికొచ్చిన ఆవిరిని నీరు పీల్చే పదార్థం మీదుగా పంపి, శూన్యంలో ఒక చల్లని ఉచ్చు నుంచి మరో దానికి మార్చి శుద్ధి చేయాలి. వెలుతురులో ఇది విడిపోయి అయోడిన్ విడుదల చేస్తుంది, అందుకే గాజు పాత్రకు అల్యూమినియం రేకు చుట్టి ఉంచాలి.

7. వెతకడం, కొలవడం, స్పిన్ తేల్చడం

బరువైన అయోడిన్ వల్ల జడత్వ భ్రామకం కాస్త పెరుగుతుంది. భ్రమణ స్థిరాంకం 7,501 నుంచి సుమారు 7,489 మెగాహెర్ట్జ్‌కు తగ్గుతుంది. కాబట్టి మూడు గీతల గుంపు కేంద్రం దాదాపు 24 మెగాహెర్ట్జ్ కిందికి, 14,979 చుట్టూ ఉంటుంది. స్పిన్ తెలియదనే అనుకుని 14.6 నుంచి 15.3 గిగాహెర్ట్జ్ వరకు అంతా గాలించండి. 127వి ఎక్కడుంటాయో ఇప్పటికే తెలుసు. మిగిలినవి కొత్తవి.

కొత్త గీతను చూడగానే మూడు పరీక్షలు చేయండి. స్టార్క్ వోల్టేజీ పెంచితే, దాని వల్ల పక్కకు జరిగిన గీతలు ఇంకా దూరంగా జరగాలి. పీడనం తగ్గిస్తే సన్నబడాలి. నమూనాను గడ్డకట్టించి వెనక్కి తీసుకుంటే మాయమవ్వాలి. మూడూ నెగ్గితేనే అది గీత. తర్వాత మైక్రోవేవ్ శక్తి తగ్గించి, పౌనఃపున్యం పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి కొలవండి. లాక్-ఇన్ ఆలస్యం వల్ల కేంద్రం నడుస్తున్న వైపుకు కాస్త ఈడ్చుకుపోతుంది, రెండింటి సగటు తీస్తే ఆ దోషం పోతుంది.

ఇప్పుడు ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం. సున్నా నుంచి ఒకటికి వెళ్లే సంక్రమణంలో స్పిన్ ఎంతైనా గీతలు మూడే, కాబట్టి లెక్కపెడితే స్పిన్ తెలియదు. కానీ వాటి మధ్య రెండు ఖాళీలున్నాయి. చిన్న ఖాళీని పెద్ద ఖాళీతో భాగించండి. స్పిన్‌ను ఐ అనుకుంటే ఆ నిష్పత్తి (2ఐ + 1) ÷ [(2ఐ − 1) × (ఐ + 1)] అవుతుంది. ఇందులో క్షేత్ర ప్రవణత లేదు, క్వాడ్రుపోల్ మొమెంట్ లేదు, అణువు పేరు కూడా లేదు. స్పిన్ ఒక్కటే ఉంది.

స్పిన్ 3/2 అయితే నిష్పత్తి 0.8000
స్పిన్ 5/2 అయితే 0.4286
స్పిన్ 7/2 అయితే 0.2963
స్పిన్ 9/2 అయితే 0.2273

ద్రవ్యరాశి సంఖ్య బేసి కాబట్టి అర్ధ పూర్ణాంకాలే చూస్తే చాలు. అయోడిన్-127కు లెక్క ప్రకారం ఖాళీలు 174, 406 మెగాహెర్ట్జ్, నిష్పత్తి 0.43, అంటే స్పిన్ 5/2. అయోడిన్-129కు గీతలు సుమారు 14,785, 15,046, 15,124 దగ్గర పడతాయి. ఖాళీలు 77.5, 261.5. భాగిస్తే 0.296. స్పిన్ 7/2. పక్కనున్న 0.43, 0.23లతో పొరబడే అవకాశమే లేదు. కొలతలో ఒక మెగాహెర్ట్జ్ తప్పు దొర్లినా జవాబు మారదు.

అయోడిన్-129 గీతల బలాలు 5 : 4 : 3 నిష్పత్తిలో ఉండాలని సిద్ధాంతం చెబుతుంది. దాన్ని సాక్ష్యంగా వాడుకోండి గానీ దాని మీద తీర్పు ఆధారపడనివ్వొద్దు. గొట్టంలోని ప్రతిఫలనాలు బలాలను సులువుగా తారుమారు చేస్తాయి, పౌనఃపున్యాలను అంత సులువుగా మార్చలేవు.

ఈ 7/2 వచ్చిన ఏడాది ముఖ్యమైనది. 1949లోనే మరియా గొప్పర్ట్ మేయర్ అమెరికాలో, యెన్సన్ బృందం జర్మనీలో కేంద్రకాల కర్పర నమూనాను (ప్రోటాన్లు, న్యూట్రాన్లు స్థాయిలవారీగా నిండుతాయనే నమూనాను) ముందుకు తెచ్చారు. అందులో 50 ప్రోటాన్ల తర్వాత వచ్చే రెండు స్థాయిల స్పిన్లు 5/2, 7/2. అయోడిన్‌లో ప్రోటాన్లు 53. 127కు రెండు న్యూట్రాన్లు చేరేసరికి స్పిన్ మొదటి దాని నుంచి రెండో దానికి మారింది. ప్రోటాన్ల సంఖ్య మారకుండానే ప్రోటాన్ స్థాయి మారడం అప్పటివారికి ఆలోచించాల్సిన విషయం.

8. క్వాడ్రుపోల్ సంధాన స్థిరాంకం

స్పిన్ తెలిశాక పెద్ద ఖాళీని 3 × (ఐ + 1) ÷ (20 × ఐ)తో భాగించండి. 7/2కు ఆ సంఖ్య 0.19286. 261.5ను దానితో భాగిస్తే 1,356 మెగాహెర్ట్జ్. ఇదే అయోడిన్-129 సంధాన స్థిరాంకపు (కేంద్రకం సాగుదల, క్షేత్ర ప్రవణత కలిసి గీతలను ఎంత చీలుస్తాయో చెప్పే సంఖ్య) పరిమాణం. 127కు ఇదే లెక్కలో 1,934 వస్తుంది. గుర్తు ఎలా తెలుస్తుందంటే, ఒంటరిగా దూరంగా నిలిచిన గీత తక్కువ పౌనఃపున్యం వైపు ఉంటే రుణాత్మకం, ఎక్కువ వైపు ఉంటే ధనాత్మకం. మిథైల్ అయొడైడ్‌లో అది కింద ఉంటుంది, కాబట్టి రెండూ రుణాత్మకమే.

ఇదంతా తొలి స్థాయి లెక్క. సంధానం వేల మెగాహెర్ట్జ్ స్థాయిలో ఉంది, భ్రమణ స్థిరాంకం 7,500. ఒకటి మరొకదాని ముందు తీసిపారేసేంత చిన్నదేమీ కాదు. అందుకే వేర్వేరు భ్రమణ స్థాయిలు కొద్దిగా కలిసిపోయి గీతలు ఒక మెగాహెర్ట్జ్ స్థాయిలో, 127కైతే ఇంకాస్త ఎక్కువగా జరుగుతాయి. స్పిన్‌కు ఇది అడ్డు కాదు, కానీ నిష్పత్తిలో నాలుగో అంకె కావాలంటే సవరణ తప్పదు. నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీకి (జేపీఎల్) చెందిన పికెట్ రాసిన ఎస్‌పీఫిట్ ప్రోగ్రాముకు గీతలిస్తే పూర్తి మాత్రికను పరిష్కరించి స్థిరాంకాలు ఇస్తుంది. 30 గిగాహెర్ట్జ్ గీతలు కొలిచి వాటినీ అందులో చేర్చాల్సింది ఇప్పుడే.

9. సంధానం నుంచి క్వాడ్రుపోల్ మొమెంట్‌కు

సంధాన స్థిరాంకం రెండింటి లబ్ధం: కేంద్రకానికి చెందిన క్వాడ్రుపోల్ మొమెంట్, అణువుకు చెందిన క్షేత్ర ప్రవణత. విడదీయాలంటే ప్రవణతను క్వాంటం రసాయన లెక్కతో రాబట్టాలి. అయోడిన్‌లాంటి బరువైన పరమాణువులో సాపేక్షతా ప్రభావాలు కూడా కలుస్తాయి కాబట్టి ఆ లెక్క కష్టం, అనిశ్చితి శాతాల్లో ఉంటుంది.

నిష్పత్తిలో ఆ బాధ లేదు. 127, 129 రెండింటి చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు దాదాపు ఒక్కటే, కాబట్టి ప్రవణత కొట్టేసుకుపోతుంది. 1,934 ÷ 1,356 అంటే 1.426. ప్రవణతను ఎవరు ఎంత బాగా లెక్కించినా, లెక్కించకపోయినా ఇది మారదు. అయోడిన్-127 విలువ సుమారు −0.69 బార్న్‌గా (బార్న్ అంటే కేంద్రకాల స్థాయి వైశాల్యపు కొలమానం) తీసుకుంటే 129కు −0.48 బార్న్ దగ్గర వస్తుంది. ఫలితం ప్రకటించేటప్పుడు నిష్పత్తిని, దాని దోషాన్ని ముందు రాయండి. బార్న్ విలువను దాని కింద, 127కు ఏ విలువ తీసుకున్నారో చెబుతూ విడిగా రాయండి. రేపు ఎవరైనా 127 విలువను సవరిస్తే మీ నిష్పత్తితో కొత్త విలువ నిమిషంలో తేలుతుంది.

మిగిలినవి త్వరగా చెబుతాను. భ్రమణ స్థిరాంకాల నిష్పత్తి నుంచి రెండు ఐసోటోపుల ద్రవ్యరాశి నిష్పత్తి కూడా వస్తుంది, కానీ అణువు కంపనాల వల్ల దాని కచ్చితత్వానికి హద్దు ఉంది. అయస్కాంత భ్రామకం కావాలంటే గొట్టాన్ని కొన్ని వేల గాస్‌ల క్షేత్రంలో పెట్టి జీమన్ చీలిక చూడాలి. మొదటిసారి చేసేవారు దాని జోలికి పోకపోవడమే నయం.

10. నమూనా వెనక్కి, గొట్టం శుభ్రం

గాజు వేలిని ద్రవ నైట్రోజన్‌లో ముంచి మానోమీటర్ సున్నాకు దిగేదాకా ఆగండి. వేలిని జ్వాలతో మూసి లేబుల్ అంటించి రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కు అప్పగించండి. గోడలకు అంటిన దాన్ని రప్పించడానికి సాధారణ మిథైల్ అయొడైడ్‌ను కొన్ని మిల్లీటార్లు నింపి, కొన్ని గంటలుంచి, మళ్లీ అలాగే గడ్డకట్టించి తీసేయాలి. మార్పిడి ఇక్కడ మనకు సాయం చేస్తుంది. ప్రతి దఫా తర్వాత 15,046 దగ్గరి గీతను చూడండి. అది సంకేత శబ్దంలో కలిసిపోయాక కూడా తుడుపు కాగితాల లెక్క నేపథ్య స్థాయికి దిగేవరకు గొట్టం విప్పకూడదు. స్పెక్ట్రోమీటర్ పట్టలేనంత తక్కువ మోతాదును సింటిలేషన్ కౌంటర్ పట్టుకుంటుంది.